నవల ఉత్తరాల్లో నడిస్తే కథకు ఏమవుతుంది?

ఉత్తరాల నవల చదివినవాళ్ల దగ్గర ఒక ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. తలుపు అవతల ఎవరో కాపు కాస్తున్నారు, ప్రాణం మీదికి వచ్చింది, అలాంటప్పుడు ఎవరైనా తీరిగ్గా కూర్చుని పది పేజీల ఉత్తరం రాస్తారా? రాశారే అనుకుందాం, నిన్న సాయంత్రం గొడవలో ఎవరు ఏ మాట అన్నారో పొల్లు పోకుండా ఎలా గుర్తుంది? న్యాయమైన ప్రశ్నే, కాకపోతే కొత్తది కాదు. 1741లోనే హెన్రీ ఫీల్డింగ్ ఈ ప్రశ్న పట్టుకుని ఒక వెటకారపు పుస్తకమే రాశాడు (దాని సంగతి కింద వస్తుంది). అయినా ఈ పద్ధతి పోలేదు. చేత్తో ఉత్తరం రాయడం దాదాపు మానేసిన కాలంలో కూడా ఈమెయిళ్లతో, చాట్ మెసేజ్‌లతో నవలలు వస్తూనే ఉన్నాయి. ఇంత అసహజంగా కనిపించే పద్ధతి వల్ల కథకు ఒరిగేదేమిటి, పోయేదేమిటి?

క్లుప్తంగా చెప్పాలంటే: మామూలు నవలలో కథ చెప్పే గొంతు కథకు బయట ఉంటుంది, ఉత్తరాల నవలలో చెప్పడం కూడా కథలో ఒక భాగం. ఉత్తరం రాసేవాళ్లకు రేపు ఏమవుతుందో తెలీదు, చదివేవాళ్లను బట్టి మాట మారుతుంది, ఆ కాగితం దారిలో ఎవరి చేతిలోనైనా పడొచ్చు. ఉత్కంఠ, సాన్నిహిత్యం, అనుమానం అన్నీ ఇక్కడి నుంచే వస్తాయి, సాగదీత, అసహజత్వం కూడా ఇక్కడి నుంచే వస్తాయి.

రెండు ఎడాలు

ఈ రూపాన్ని అర్థం చేసుకోవడానికి రెండు ఎడాలు గుర్తుంచుకుంటే చాలు. ఒకటి, జరిగినదానికీ రాసినదానికీ మధ్య. రెండోది, రాసినదానికీ అవతలివాళ్లు చదివినదానికీ మధ్య.

'నేను' అంటూ తన కథ తాను చెప్పుకునే మామూలు నవలలో మొదటి ఎడం ఉంటుంది కానీ అది కదలదు. అంతా అయిపోయాక, ఒక వయసుకు వచ్చాక, వెనక్కి తిరిగి చెబుతారు. అప్పుడు తెలియనిది ఇప్పుడు తెలుసు కాబట్టి 'ఆ రోజే నాకు అర్థమై ఉండాల్సింది' లాంటి మాటలు పడతాయి. ఉత్తరంలో ఆ ఎడం ఒక గంట, ఒక రాత్రి, మహా అయితే ఒక వారం. సోమవారం ఉత్తరంలో 'ఆయన చాలా మంచివాడు' అని రాసిన అమ్మాయి గురువారం ఉత్తరంలో వణికిపోతూ ఉండొచ్చు. వెనక్కి తిరిగి చెప్పే కథకురాలైతే ఈ రెండింటినీ కలిపేసి ఒకే అభిప్రాయంగా సర్దేస్తుంది, ఉత్తరాల నవలలో సోమవారం పొరపాటు అలాగే, రాసినది రాసినట్టు, పాఠకుడి ముందు ఉంటుంది. పోస్టులో పడ్డాక వెనక్కి తెచ్చి దిద్దుకునే వీలు లేదు కదా.

రెండో ఎడం మామూలు నవలలో ఉండనే ఉండదు. అక్కడ కథకుడు ఎవరితో మాట్లాడుతున్నాడని మనం అడగం. ఉత్తరం మాత్రం ఒక పేరుతో మొదలవుతుంది. ఆ పేరు మనది కాదు. అంటే పాఠకుడు ఎప్పుడూ తనకు రాయని ఉత్తరాన్ని చదువుతున్న మనిషే.

రేపు తెలియని చేయి

ఈ మొదటి ఎడాన్ని కావాలని తగ్గించి చూసిన రచయిత శామ్యూల్ రిచర్డ్‌సన్. ఆయన వృత్తిరీత్యా ప్రింటర్. చదువు అంతంతమాత్రంగా ఉన్నవాళ్లకు పనికొచ్చేలా నమూనా ఉత్తరాల పుస్తకం రాసిపెట్టమని ఇద్దరు పుస్తక వ్యాపారులు అడిగితే, ఆ పనిలో ఉండగా పుట్టిన ఆలోచనే 1740లో వచ్చిన 'పమేలా'. యజమాని వేధింపులు తట్టుకుంటూ ఒక పనిపిల్ల తల్లిదండ్రులకు రాసే ఉత్తరాలు అవి. జరుగుతున్నది జరుగుతుండగానే రాయడం అన్న ఈ పద్ధతికి రిచర్డ్‌సన్ 'ఆ క్షణానికి రాయడం' అనే అర్థం వచ్చే పేరు కూడా పెట్టుకున్నాడు.

దీనివల్ల ఉత్కంఠ స్వభావమే మారిపోతుంది. వెనక్కి తిరిగి చెప్పే కథలో కథకురాలు బతికి బయటపడిందన్న భరోసా మనకు ముందే ఉంటుంది, లేకపోతే ఈ కథ ఎవరు చెబుతున్నట్టు? ఉత్తరాల నవలలో ఆ హామీ లేదు. తర్వాతి ఉత్తరం రాకపోవచ్చు. 1774లో గోథే రాసిన 'వెర్థర్' ఈ భయాన్ని చివరిదాకా తీసుకెళ్లింది. ప్రేమ విఫలమైన ఒక యువకుడు స్నేహితుడు విల్హెల్మ్‌కు రాస్తూ పోతాడు, ఒక దశలో ఆ గొంతు సరిపోదు, ఎవరో సంపాదకుడు వచ్చి మిగతాది తాను చెప్పాల్సి వస్తుంది. తన చావు గురించి తాను ఉత్తరం రాయలేడు కాబట్టి ఇది తప్పనిసరి ఏర్పాటే. కానీ దాని ఫలితం గట్టిది. ఇన్ని పేజీలుగా చెవిలో వినిపించిన గొంతు ఆగిపోయి ఒక చల్లని, అపరిచితమైన గొంతు వినిపించగానే ఏం జరగబోతోందో పాఠకుడికి తెలిసిపోతుంది.

ఉత్తరం మీది తేదీ కూడా ఇందులో భాగమే. 1897లో బ్రామ్ స్టోకర్ రాసిన 'డ్రాకులా' మొత్తం ఉత్తరాలు, డైరీలు, టెలిగ్రామ్‌లు, పత్రికల కత్తిరింపులతో నడుస్తుంది. అందులో కోటలో చిక్కుకున్న జొనాథన్ హార్కర్ చేత, రక్తం తాగే పిశాచమైన కౌంట్ డ్రాకులా మూడు ఉత్తరాలు ముందే రాయిస్తాడు. పని దాదాపు అయిపోయిందని ఒకటి, రేపు బయలుదేరుతున్నానని ఒకటి, కోట వదిలి బిస్త్రిట్స్ అనే ఊరు చేరానని ఒకటి. వాటికి వేయాల్సిన తేదీలు జూన్ 12, జూన్ 19, జూన్ 29. తన ఆయుష్షు ఎంతో తనకిప్పుడు తెలిసిపోయిందని హార్కర్ డైరీలో రాసుకుంటాడు. ఇక్కడ బెదిరింపు మాట ఒక్కటి కూడా లేదు. మూడు తేదీలు చాలు.

ఎవరికి రాస్తున్నారన్నది

ఒకే సంఘటనను అమ్మకు ఒకలా, స్నేహితురాలికి ఒకలా, ప్రేమించినవాడికి ఒకలా చెబుతాం. అబద్ధం చెప్పాలని కాదు, వినేవాళ్లను బట్టి మాట దానంతటదే వంగుతుంది. ఉత్తరాల నవల ఈ వంపునే పనిముట్టుగా చేసుకుంటుంది, రచయిత ఎక్కడా 'ఈమె దాస్తోంది' అని చెప్పక్కర్లేదు, రెండు ఉత్తరాలు పక్కపక్కన పెడితే సరిపోతుంది.

ఈ పనిని అందరికంటే కర్కశంగా, అందరికంటే తెలివిగా చేసింది ఫ్రెంచ్ రచయిత లాక్లో. ఇంగ్లిష్‌లో 'డేంజరస్ లియేజన్స్' పేరుతో తెలిసిన ఆయన నవల 1782లో వచ్చింది, మొత్తం 175 ఉత్తరాలు. వాల్మోంట్ అనే వ్యక్తి ఒక వేశ్య పక్కలో ఉండి, ఆమె ఒంటినే రాతబల్లగా చేసుకుని, మరోచోట ఉన్న నిష్ఠాపరురాలైన ఒక ఇల్లాలికి ప్రేమలేఖ రాస్తాడు. రాత్రంతా కన్ను మూతపడలేదని, ఉద్వేగం ఆపుకోలేక మధ్యలో కలం పక్కన పెట్టాల్సి వస్తోందని అందులో రాస్తాడు. ఒక్క మాట అబద్ధం కాదు. ఆ ఉత్తరానికి ముందున్న ఉత్తరంలో తన జట్టుకత్తె మెర్త్యూయ్‌కు అసలు విషయం చెప్పేశాడు కాబట్టి మనకు రెండు అర్థాలూ వినిపిస్తాయి, అందుకున్న ఆమెకు ఒక్కటే. పాఠకుడి ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. ఆమె మోసపోవడం మనకు తెలుసు, చెప్పే దారి లేదు, పైగా ఆ చమత్కారానికి నవ్వు కూడా వస్తుంది. అంటే మనం కాసేపు మెర్త్యూయ్ పక్కన కూర్చుని ఉత్తరం చదివినట్టే. రచయిత నోరు విప్పి తీర్పు చెప్పే నవలలో పాఠకుడిని ఇలా ఇరికించడం కష్టం.

ఇదే పద్ధతి సరదాగానూ పనిచేస్తుంది. 1771 నాటి 'హంఫ్రీ క్లింకర్'లో స్మాలెట్ ఒక కుటుంబాన్ని ప్రయాణానికి పంపి అందరిచేతా ఉత్తరాలు రాయిస్తాడు. బాత్ నగరం చూసి ముసలాయన మాథ్యూ బ్రాంబుల్‌కు రోత పుడుతుంది, ఆయన మేనకోడలు లిడియాకు అది స్వర్గంలా ఉంటుంది. ఊరు ఒక్కటే. ఆ ఊరు నిజంగా ఎలా ఉందో చెప్పే మూడో గొంతు లేదు కాబట్టి, పాఠకుడు ఊరి గురించి కంటే రాసినవాళ్ల గురించే ఎక్కువ తెలుసుకుంటాడు.

కొన్నిసార్లు చిరునామా మారడమే కథ అవుతుంది. ఆలిస్ వాకర్ 1982 నవల 'ద కలర్ పర్పుల్'లో సీలీ తన ఉత్తరాలను దేవుడికి రాస్తుంది, ఎందుకంటే చెప్పుకోవడానికి మనుషులెవరూ లేరు, చెబితే ముప్పు కూడా. దేవుడి మీద నమ్మకం సడలాక చెల్లెలు నెట్టీకి రాయడం మొదలుపెడుతుంది. చివరి ఉత్తరానికి వచ్చేసరికి దేవుడితో పాటు నక్షత్రాలు, చెట్లు, ఆకాశం, మనుషులు, అన్నీ ఆ సంబోధనలో చేరతాయి. ఆమె మనసులో వచ్చిన మార్పును వివరించే పేరాలన్నీ తీసేసినా, ఉత్తరాల మొదటి పంక్తులు వరసగా చదివితే ఆ ప్రయాణం తెలుస్తుంది. 1983లో ఈ నవలకు పులిట్జర్ బహుమతి వచ్చింది.

చిరునామా గురించి ఇంకో మాట. మనుషులు దూరంగా ఉంటేనే ఉత్తరం రాస్తారనుకుంటాం. దోస్తోయెవ్‌స్కీ మొదటి నవల (1846, ఇంగ్లిష్‌లో 'పూర్ ఫోక్')లో మకార్, వర్వారా ఉండేది ఎదురెదురుగా. ఆమె కిటికీ పరదా అతనికి కనిపిస్తుంది. అయినా ఉత్తరాలే. తరచూ వెళ్తే నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం, పేదరికం తెచ్చే సిగ్గు, ఇవన్నీ ఆ కాస్త దూరాన్ని దాటనివ్వవు. ఎందుకు కలవడం లేదు అన్న ప్రశ్నకు సమాధానమే ఆ నవల.

ఉత్తరం కూడా ఒక వస్తువే

మామూలు నవలలో వాక్యాన్ని ఎవరూ దొంగిలించలేరు. ఉత్తరాన్ని దొంగిలించొచ్చు. దాచొచ్చు, చించొచ్చు, దొంగ దస్తూరీతో రాయొచ్చు, ఆలస్యం చేయొచ్చు, పదిమందికీ చూపించొచ్చు. ఈ రూపంలో ఎక్కువ లాభం ఉన్నది ఇక్కడే, దీన్ని వాడుకోని ఉత్తరాల నవల సాధారణంగా పేలవంగానే ఉంటుంది.

పమేలా ఉత్తరాలను మోసుకెళ్లే నౌకరు వాటిని ముందు యజమానికి చూపిస్తుంటాడు. ఆ తర్వాత ఆమెను బంధించినప్పుడు రాసిన కాగితాలను తోటలో దాస్తుంది, బట్టల్లో కుట్టుకుంటుంది. చివరికి అవి యజమాని చేతికి చిక్కి, చదివాక అతని మనసు మారుతుంది. అంటే మనం ఇప్పటిదాకా చదివిన పుస్తకాన్నే కథలోని పాత్ర కూడా చదివింది, ఆ చదవడమే కథను మలుపు తిప్పింది! (ఒక వేధింపుదారు ఉత్తరాలు చదివి మారిపోవడం నమ్మశక్యమా అన్నది వేరే చర్చ, అది ఆనాడే మొదలైంది.) 1747, 48లలో వచ్చిన 'క్లారిస్సా'లో రిచర్డ్‌సన్ ఇదే యంత్రాన్ని విషాదానికి తిప్పాడు. నాయిక క్లారిస్సాను లొంగదీసుకోవాలని చూసే లవ్‌లేస్ ఆమె స్నేహితురాలి ఉత్తరాలను మధ్యలో పట్టుకుని, ఆ దస్తూరీతో దొంగ ఉత్తరాలు తయారు చేస్తాడు. అప్పటిదాకా స్నేహితురాలి ఉత్తరమే క్లారిస్సాకు ఉన్న ఒక్క దిక్కు, ఆ దిక్కే వల అవుతుంది.

'ద కలర్ పర్పుల్'లో నెట్టీ ఉత్తరాలను సీలీ భర్త ఏళ్ల తరబడి పెట్టెలో దాచేస్తాడు. అవి బయటపడినప్పుడు ఒక విచిత్రం జరుగుతుంది. చెల్లెలు ఎప్పుడో గడిపిన జీవితం సీలీకి ఒక్కసారిగా, ఇప్పుడే జరుగుతున్నట్టు అందుతుంది. మామూలు నవలలో దీన్ని ఫ్లాష్‌బ్యాక్ అంటాం, అది రచయిత ఏర్పాటు. ఇక్కడ ఆ ఏర్పాటుకు కారకుడు కథలోని ఒక మనిషి, అతని క్రూరత్వం. కాలక్రమం చెదరడం కూడా ఒక నేరంలా అనిపిస్తుంది.

ఆలస్యానికి 'డ్రాకులా'లో ఇంకా సూటి ఉదాహరణ ఉంది. డ్రాకులా బారిన పడిన లూసీని ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దని ఆమెకు వైద్యం చేస్తున్న వాన్ హెల్సింగ్ టెలిగ్రామ్ ఇస్తాడు. చిరునామాలో కౌంటీ పేరు లేక అది వేరే కౌంటీకి వెళ్లి 22 గంటలు ఆలస్యంగా అందుతుంది. పెద్ద కుట్రేమీ లేదు, పోస్టాఫీసు పొరపాటు అంతే. పిశాచం కంటే ఇదే ఎక్కువ భయపెడుతుందని అనేవాళ్లూ ఉంటారు, అనడంలో తప్పూ లేదు.

లాక్లో నవల చివర్లో అయితే ఉత్తరాలే శిక్ష. మెర్త్యూయ్ రాసిన ఉత్తరాలు చేతులు మారి జనంలోకి వెళ్లడంతో ఆమె పరువు కూలిపోతుంది. జీవితమంతా జాగ్రత్తపడిన మనిషి రాతపూర్వకంగా తన గొప్ప ఎవరికో ఒకరికి చెప్పుకోకుండా ఉండలేకపోయింది, అదే ఆమెను ముంచింది.

నోరు లేనివాళ్లు

కలం ఎవరికి ఇచ్చారన్నది ఎంత ముఖ్యమో, ఎవరికి ఇవ్వలేదన్నదీ అంతే. 'డ్రాకులా'లో అందరూ రాస్తారు, డ్రాకులా డైరీ లేదు. అతని ఉనికి అంతా ఇతరుల కాగితాల్లోనే, అందుకే అతను చివరిదాకా అంతుచిక్కడు. 'హంఫ్రీ క్లింకర్'లో పుస్తకానికి పేరిచ్చిన మనిషి ఒక్క ఉత్తరమూ రాయడు, అది హాస్యం. 1669 నాటి 'పోర్చుగీస్ లెటర్స్'లో ఒక సన్యాసిని తనను వదిలి వెళ్లిన ఫ్రెంచ్ సైనికాధికారికి ఐదు ఉత్తరాలు రాస్తుంది, అటునుంచి జవాబు మనకు కనిపించదు. ఒక వైపు ఉత్తరాలే ఉన్నప్పుడు పాఠకుడు రెండో వైపును ఊహించుకుంటాడు, ఆ ఊహ రచయిత రాయగలిగిన ఏ జవాబు కంటే ఎక్కువ బాధపెడుతుంది. సెనెగల్ రచయిత్రి మరియామా బా 1979లో రాసిన 'సో లాంగ్ ఎ లెటర్'లో రామతులాయె భర్త చనిపోయాక, మైల పాటిస్తున్న రోజుల్లో స్నేహితురాలు ఐసతూకు రాస్తుంది. ఇక్కడ మౌనం వేరే రకం. అవతలి మనిషి ద్రోహి కాదు, అన్నీ తెలిసిన నేస్తం. అందుకే ఆ ఉత్తరం ఎవరినీ ఒప్పించడానికి ప్రయత్నించదు, తనలో తాను లెక్క చూసుకున్నట్టు సాగుతుంది.

'ఈ ఉత్తరాలు నాకు దొరికాయి'

పాత ఉత్తరాల నవలల్లో చాలావాటికి ముందుమాటలో ఒక సంపాదకుడు ఉంటాడు. ఇవి నిజమైన ఉత్తరాలు, నేను కూర్చాను అంతే అంటాడు. కల్పన అంటే కాలక్షేపపు అబద్ధం అన్న చిన్నచూపు ఉన్న రోజుల్లో ఈ ముసుగు ఉపయోగపడింది. ఒక్కోసారి అవసరానికి మించి పనిచేసింది కూడా. పోర్చుగీస్ సన్యాసిని ఉత్తరాలు అసలువేనని తరతరాలు నమ్మాయి, ఇప్పుడు ఎక్కువమంది పండితులు వాటిని గియరాగ్ అనే ఫ్రెంచ్ రచయిత రచనగా చూస్తున్నారు. లాక్లోకు ఈ ఆట బాగా తెలుసు. ఆయన పుస్తకం ముందు రెండు ముందుమాటలు పెట్టాడు. ఒకదానిలో ప్రచురణకర్త 'ఇది నవలేనని మా అనుమానం' అంటాడు, వెంటనే రెండోదానిలో సంపాదకుడు అసలు ఉత్తరాలను తాను ఎలా కుదించాడో చెబుతాడు. ఎవరినీ నమ్మకూడదన్న పాఠం మొదటి ఉత్తరం కంటే ముందే మొదలైపోయింది.

ఎక్కడ బెడిసికొడుతుంది

ఇక ఫీల్డింగ్ సంగతి. 'పమేలా'ను వెక్కిరిస్తూ 1741లో వచ్చిన ఆయన 'షమేలా'లో నాయిక పక్కమీద పడుకుని ఉత్తరం రాస్తుంటుంది, యజమాని తలుపు తీసుకుని లోపలికి వస్తున్న చప్పుడు కూడా రాసేస్తుంది, పైగా 'చూశారా, వర్తమాన కాలంలో రాస్తున్నాను' అని గుర్తుచేస్తుంది. ఎడాన్ని మరీ సున్నాకు తెస్తే కలం పట్టుకున్న చెయ్యే నవ్వులపాలవుతుందని ఒక్క సన్నివేశంతో తేల్చేశాడు.

రెండో ఇబ్బంది సమాచారం. ఇద్దరికీ తెలిసిన విషయాన్ని ఒకరికొకరు రాసుకోరు, కానీ పాఠకుడికి అది తెలియాలి. దాంతో 'నీకు తెలుసుగా, మన అన్నయ్య డాక్టరని' లాంటి వాక్యాలు దూరతాయి. సంఘటన జరిగినచోట లేని స్నేహితురాలిని అందుకునే మనిషిగా పెట్టడం దీనికి పాత మందు, అందుకే ఈ నవలల నిండా దూరాన ఉండే ఆప్తులే. మూడోది నిడివి. ఒకే సంఘటనను ముగ్గురు రాస్తే మూడింతలు. 'క్లారిస్సా' కథాకాలం ఏడాది లోపే, ఉత్తరాలు 500 పైన, పదాలు దాదాపు 10 లక్షలు. నాలుగోది, రచయితకు అన్నిటికంటే కష్టమైనది, గొంతులు. పేరు కప్పేసి చదివినా ఎవరి ఉత్తరమో తెలియాలి, తెలియకపోతే పద్ధతి మొత్తం దండగ.

ఐదోది, పాత్రలు కలుసుకుంటే కథ ఆగిపోతుంది. జేన్ ఆస్టెన్ కుర్రతనంలో రాసి, చనిపోయాక 1871లో అచ్చయిన 'లేడీ సుసాన్' చివర్లో రచయిత్రి ఉత్తరాలను వదిలేసి తానే రంగంలోకి దిగుతుంది. కొందరు కలుసుకోవడం, కొందరు విడిపోవడం వల్ల తపాలా శాఖ ఆదాయానికి గండి పడేలా ఈ ఉత్తరప్రత్యుత్తరాలు ఆగిపోయాయని చురక వేసి మరీ ముగిస్తుంది. ఆ తర్వాత ఆమె అచ్చు వేయించిన నవలలన్నీ మూడో వ్యక్తి కథనంలోనివే. పాత్ర మనసులోని మాటను రచయిత వాక్యంలోనే వినిపించే నేర్పు అప్పటికి నవలకు అబ్బింది. మనసు లోపలికి వెళ్లడానికి ఉత్తరమే దారి కానప్పుడు, దాని భారం మోయాల్సిన అవసరమూ తగ్గింది. 19వ శతాబ్దంలో ఈ రూపం వెనకబడటానికి ఇది పెద్ద కారణం. ఉత్తరం మాయం కాలేదు, నవల లోపలికి వెళ్లింది. 1813 నాటి 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో డార్సీ రాసిన ఒక్క ఉత్తరాన్ని ఎలిజబెత్ మళ్లీ మళ్లీ చదువుతుంది, చదివిన కొద్దీ ఆమె అభిప్రాయం మారుతుంది. 500 ఉత్తరాలు చేసే పనిలో చాలా భాగం అది ఒక్కటే చేసింది.

ఈమెయిల్ వచ్చాక

ఉత్తరం పోయి ఈమెయిల్, చాట్ వచ్చాక రెండో ఎడం కుంచించుకుపోయింది. అందడానికి వారం పట్టడం లేదు, క్షణం పడుతోంది. దాంతో దారి తప్పడం, దోచుకోవడం లాంటి పాత మలుపులు పలచబడ్డాయి, వాటి చోటికి కొత్తవి వచ్చాయి. ఆస్ట్రియా రచయిత డానియెల్ గ్లటావర్ 2006 నవల (ఇంగ్లిష్‌లో 'లవ్ వర్చువల్లీ') తప్పు అడ్రసుకు వెళ్లిన ఒక ఈమెయిల్‌తో మొదలవుతుంది. ఇద్దరు అపరిచితుల మధ్య మెయిళ్లు తప్ప పుస్తకంలో మరేమీ ఉండదు. మెయిల్‌కీ మెయిల్‌కీ మధ్య ఎంతసేపు గడిచిందో మాత్రం రాసి ఉంటుంది: కొన్ని నిమిషాలు, కొన్ని గంటలు, మరుసటి రోజు. జవాబు వెంటనే ఇవ్వగలిగిన కాలంలో ఇవ్వకపోవడం దానంతటదే ఒక మాట. పాత నవలలో మూడు వారాల మౌనానికి దారి బాగోలేదనో, బండి రాలేదనో అర్థం చెప్పుకోవచ్చు. ఇక్కడ మూడు గంటల మౌనానికి అలాంటి సాకు దొరకదు. అవతలి మనిషి చదివాడు, చదివి ఊరుకున్నాడు.